వంతెన, స్టేషను, మార్కెట్టు, బడి

టవరు అడుగు అంతస్తులో, టిక్కెట్ల హాలు వెనక, ఒకే కిటికీ ఉన్న చిన్న గది కుట్టుగది. అందులో బరువైన కుట్టుమిషను ఒకటి, పొడవాటి బల్ల ఒకటి, గోడ పొడుగునా మేకులకు వేలాడే నల్లని పట్టీల చుట్టలు. బల్లకు అటు తండ్రి కూర్చునేవాడు, ఇటు కూతురు కూర్చునేది. తండ్రిని టవరంతా మేస్త్రి అని పిలిచేది. కూతురు పనిలో చేరాక ఆమెను చిన్నమేస్త్రి అన్నారు. మొదటి ఏడాది వేళాకోళంగా అన్నారు, రెండో ఏడాది అలవాటుగా అన్నారు, మూడో ఏడాదికి నిజంగానే అనడం మొదలుపెట్టారు.

వాళ్ళిద్దరూ కుట్టేవి బెల్టులు. ఆ బెల్టులు వెళ్ళేది టవరు నెత్తిన ఉన్న గాలిచెయ్యికి. నడిమి స్తంభం నుంచి చాచిన పొడవాటి ఇనుప చెయ్యి అది. దాని చివర వరసగా నాలుగు కుర్చీలు. మనుషుల్ని కూర్చోబెట్టుకుని ఆ చెయ్యి కటకటాలు దాటి ఆకాశంలోకి పోతుంది. మొదట కుర్చీలను నేలవైపు బోర్లా వంచి, పది లెక్కపెట్టేంతసేపు అలాగే ఉంచుతుంది. తర్వాత మళ్ళీ నిలబెట్టి, టవరు చుట్టూ మూడుసార్లు తిప్పి తెస్తుంది. అందరూ నవ్వుతూ ఎక్కుతారు, ఇంకా ఎక్కువ నవ్వుతూ దిగుతారు. మధ్యలో ఏం చేస్తారన్నది నలభై ఎనిమిది అంతస్తుల కింద కుట్టుగదిలోకి కూడా వినిపిస్తుంది.

ఏడాదికొకసారి బెల్టులన్నీ మారుస్తారు. మార్చిన రోజు ఇంజనీర్లు ఇసుక బస్తాలను ఎక్కించి తిప్పి చూస్తారు. అది అయ్యాక ఇంకొక పరీక్ష ఉంది. కుట్టిన మనిషే మొట్టమొదట ఎక్కాలి. టవరు కట్టించిన పెద్దాయన పెట్టిన పద్ధతి అది. కుట్టు ఎక్కడ లాగుతోందో, ఎక్కడ వదులవుతోందో, బోర్లా పడినప్పుడు కుట్టినవాళ్ళకే తెలుస్తుందని ఆయన నమ్మకం. అంతటితో ఆగినా బాగుండేది. కళ్ళు మూసుకుని కూర్చుంటే అది పరీక్ష ఎలా అవుతుందని, రిజిస్టరులో ఒక గడి కూడా గీయించి పోయాడు. ఆ గడి పైన ఇలా ఉంటుంది: ‘తిరిగేటప్పుడు ఏమేమి కనిపించాయి? ఏ వరుసలో?’

ఇరవై రెండేళ్ళుగా ఆ గడిలో ఒకే జవాబు ఉంది. వంతెన, స్టేషను, మార్కెట్టు, బడి.

చిన్నమేస్త్రికి ఆ నాలుగు మాటలూ అక్షరాల కన్నా ముందు వచ్చాయి. చిన్నప్పుడు నాన్న జడ అల్లుతూ పాయకొక మాట చెప్పేవాడు. వంతెన అంటే కుడి పాయ, స్టేషను అంటే ఎడమ పాయ. మార్కెట్టు దగ్గర జడ బిగిసేది, బడి దగ్గర రిబ్బను పడేది. బడికి వెళ్ళే పిల్లకు బడి దగ్గర జడ ముగియడం సరిగ్గా సరిపోయేది. ఆకాశంలో కూర్చుని ఊరంతా చూసి వచ్చిన నాన్న తన జడలో ఊరిని అల్లుతున్నాడని ఆ పిల్ల పొంగిపోయేది.

ఆ నాన్నకు ఈ ఏడాది చూపు మసకబారింది. సూదిలో దారం ఎక్కించబోతే సూది పక్కన గాలిలో ఎక్కిస్తున్నాడు. వచ్చే నెల కంటికి ఆపరేషను. అందువల్ల ఈసారి బెల్టులన్నీ చిన్నమేస్త్రే కుట్టింది. కుట్టింది కాబట్టి ఎక్కవలసింది కూడా చిన్నమేస్త్రే.

చిక్కంతా అక్కడ ఉంది. మేడమీద బట్టలు ఆరేయడానికి వెళ్ళినా ఆమె పిట్టగోడకు నాలుగు అడుగుల దూరంలో ఆగిపోతుంది. అక్కడి నుంచి మోకాళ్ళు ఆమె మాట వినవు.

ముందురోజు సాయంత్రం మేనేజరు కుట్టుగది గుమ్మంలో నిలబడి చెప్పవలసింది చెప్పేశాడు.

"పైవాళ్ళు ఇక ఫ్యాక్టరీ బెల్టులు తెప్పించుకుందాం అంటున్నారమ్మాయ్. ఈ గదిలో కుర్చీలు సర్దుకోవచ్చట. నేనే ఆపాను. రిజిస్టరు తెరిచి చూపించి ఆపాను. ఇరవై రెండేళ్ళలో ఒక్క గడి ఖాళీ లేదు, ఒక్క మాట తేడా లేదు. రేపు ఆ గడి సరిగ్గా నిండకపోతే మాత్రం నా దగ్గర చెప్పడానికి ఏమీ ఉండదు."

ఆ మాటలు రాత్రంతా ఆమె దిండు కింద ఉన్నాయి.

పొద్దున ఏడున్నరకు పైనుంచి ఫోను వచ్చింది. ఇసుక బస్తాలు క్షేమంగా దిగాయట.

"ఏమైనా తిన్నావా?" అడిగాడు మేస్త్రి.

"లేదు."

"మంచి పని చేశావు."

"నాన్నా, మొదటిసారి నీకు భయం వెయ్యలేదా?"

మేస్త్రి బల్లమీద ఉన్న కత్తెర తీసి, మళ్ళీ తీసినచోటే పెట్టాడు. "భయానికేముందే. వస్తుంది, కాసేపు కూర్చుంటుంది, పోతుంది. ఆ కుర్చీల్లోకి వచ్చేవాళ్ళందరూ అంతేగా."

"నాకు వచ్చింది పోయేలా లేదు. సామాను దించుకుని కాపురం పెట్టేసింది."

మేస్త్రి గుమ్మం వైపు చూసి, గొంతు తగ్గించాడు. "అయితే ఒక పని చెయ్యి. కళ్ళు మూసుకో."

ఆమె తలెత్తింది.

"మూసుకుని, గుండె దగ్గరి కుట్టు మీద బొటనవేలు పెట్టు. కుట్టు కదిలితే వేలికి తెలుస్తుంది. దిగాక మేనేజరు అడిగితే ఏం చెప్పాలో నీకు తెలిసిందేగా."

"వంతెన, స్టేషను, మార్కెట్టు, బడి."

"నా తల్లే. అంతే."

"అది మోసం కదా నాన్నా."

"ఎవర్ని మోసం చేశాం? బడి ఎక్కడికీ పోదు, అక్కడే ఉంటుంది."

ఆమెకు కళ్ళు చెమర్చాయి. ఇరవై రెండేళ్ళు కళ్ళు విప్పుకుని నిజాయితీగా చూసిన మనిషి, తన కోసం ఒక్క అబద్ధానికి ఒప్పుకున్నాడు. ఇంట్లో బల్బు మార్చాలంటే అమ్మే స్టూలు ఎక్కుతుంది. నాన్న కింద నిలబడి స్టూలు పట్టుకుంటాడు, మర్యాదగా తల పక్కకు తిప్పుకుని. అంత పెద్దమనిషి తండ్రిగా దొరికినందుకు ఆ క్షణంలో ఆమెకు గర్వంగా కూడా అనిపించింది.

లిఫ్టు తలుపు మూసుకునేదాకా మేస్త్రి వేళ్ళతో గాల్లో జడ అల్లి చూపిస్తూనే ఉన్నాడు.

పైన గాలి ఉంది, వెలుగు ఉంది, మీటక్క ఉంది. గాలిచెయ్యిని నడిపే మీట తొమ్మిదేళ్ళుగా ఆవిడ చేతిలో ఉండడం వల్ల అందరికీ ఆవిడ మీటక్క అయింది. అద్దాల గదిలో నుంచి బయటికి వచ్చి, చిన్నమేస్త్రిని పైనుంచి కిందిదాకా చూసింది.

"చెప్పులు ఇక్కడ విప్పు. జేబులో ఏమున్నాయి?"

"ఏమీ లేవక్కా. ప్రాణం ఒక్కటే."

"అది ఎక్కనిస్తాం." ఆవిడ బెల్టు బిగించి, పద్ధతి ప్రకారం రెండుసార్లు లాగి చూసింది. "బాగా కుట్టావే. మీ నాన్న కుట్టులాగే ఉంది. మీ నాన్న ఈ కుర్చీలో కూర్చున్నాక నాతో ఒక్క మాట మాట్లాడడు తెలుసా? అంత ఏకాగ్రత." ఆ మాట అంటూ మీటక్క పెదవి చివర దాచుకున్న నవ్వు ఏమిటో చిన్నమేస్త్రికి అప్పుడు అర్థం కాలేదు.

మోటారు మూలిగింది. పాదాల కింది నేల మెల్లగా వెనక్కి జరిగింది. చిన్నమేస్త్రి కళ్ళు మూసుకుంది. బొటనవేలు గుండె దగ్గరి కుట్టు మీద పెట్టుకుంది. తను కుట్టిన కుట్టే. నలుచదరంగా నాలుగు వైపులా, మధ్యలో అడ్డంగా రెండు గీతలు. చదరం చుట్టూ వేలు తిప్పుకుంటూ, జడ అల్లుకుంటున్నట్టు, లోపల్లోపల చదువుకుంది. వంతెన, స్టేషను. మార్కెట్టు, బడి.

కుర్చీ ముందుకు ఒరిగింది. ఒంట్లో బరువంతా బెల్టు మీదికి జారింది. జుట్టు ముఖం దాటి కిందికి వేలాడింది.

"ఒకటి," అంది మైకులో మీటక్క గొంతు. "రెండు. మూడు."

బొటనవేలు కుట్టును అడిగింది. కుట్టు ఏదో చెప్పింది. ఏం చెప్పిందో వేలికి అర్థం కాలేదు. నాన్న వేలికి ఇరవై రెండేళ్ళ చదువు ఉంది. ఈ వేలు ఇంకా ఓనమాలలో ఉంది.

"నాలుగు. అయిదు."

అప్పుడు కుడి భుజం దగ్గర బెల్టు కిర్రుమంది.

భయం అనేది మనిషిలో ఎంత చోటైనా ఆక్రమిస్తుంది గానీ, పని తెలిసిన మనిషిలో ఒక చిన్న మూలను మాత్రం అది ఎన్నడూ ముట్టుకోలేదు. ఆ మూల నుంచి చిన్నమేస్త్రి లేచింది. కుడి భుజం కుట్టు తను మంగళవారం కుట్టింది. దారం మార్చిన చోటు అది. చూడాలి. వేలితో కాదు, చూడాలి.

కళ్ళు తెరిచింది.

కుట్టు చెక్కుచెదరలేదు. కొత్త పట్టీ బకిల్లో సర్దుకుంటూ చేసిన చప్పుడు అది; కొత్త చెప్పు మొదటిరోజు చేసే చప్పుడులాంటిది. చూపు కుట్టు మీద నుంచి పట్టీ మీదికి, పట్టీ మీద నుంచి మోకాలి మీదికి, మోకాలి మీద నుంచి పాదం మీదికి జారింది. పాదం అంచు దాటగానే జారడానికి ఇక ఏమీ లేక, ఊరంత లోతుకు పడిపోయింది.

"ఆరు. ఏడు," అని మీటక్క దగ్గింది. ఆ దగ్గు ఒక యుగం పట్టింది.

అయినా ఆమె కళ్ళు మూయలేదు. మూయడం మరిచిపోయింది. కింద రోడ్డు మీద బస్సు అగ్గిపెట్టెలా పాకుతోంది. దాని వెనక సైకిలు నీడ సైకిలు కన్నా పొడుగ్గా ఉంది. ఎవరో మేడమీద దుప్పటి దులుపుతున్నారు; దులిపిన చప్పుడు పైకి రావడం లేదు, దులిపిన తెలుపు మాత్రం వస్తోంది. వీటన్నిటికీ ఆమెకూ మధ్య ఉన్నది గాలీ, తను కుట్టిన నాలుగు చదరాలూ. ఆ లెక్క తట్టగానే ఆమెకు నవ్వు వచ్చింది. ముందు పొట్టలో వచ్చింది, తర్వాత గొంతులోకి వచ్చింది, చివరకు బయటికి వచ్చి టవరు గోడకు తగిలి తిరిగివచ్చింది.

"పది," అంది మీటక్క. "బతికే ఉన్నావా?"

"ఇంకోసారి లెక్కపెట్టు అక్కా."

కుర్చీ నిలబడింది. చెయ్యి తిరగడం మొదలుపెట్టింది. ఎదురుగా ఉన్న గడియారపు మేడ కుడివైపుకు జరిగిపోయింది. బడి వచ్చింది, మైదానం నిండా పిల్లలు చల్లిన గింజల్లా ఉన్నారు. మార్కెట్టు వచ్చింది, నీలం పరదాలూ ఎర్ర పరదాలూ కలిపి కుట్టిన బొంతలా ఉంది. స్టేషను వచ్చింది, పట్టాలన్నీ దారాల్లా వచ్చి ఒక్క సూది బెజ్జంలోకి దూరుతున్నాయి. చివరకు వంతెన వచ్చింది. వంతెన కింద నది వచ్చింది. నది మీద ఎండ వచ్చింది. మళ్ళీ గడియారం, మళ్ళీ బడి. మూడు చుట్లూ అయ్యేసరికి ఆమె గొంతు బొంగురుపోయింది. అరిచిందో పాడిందో ఆమెకే తెలియదు.

కిందికి వచ్చి మేనేజరు గదిలోకి ఆమె నడిచి రాలేదు. గాలి తోసినట్టు వచ్చింది. జుట్టు నాలుగు దిక్కులా ఉంది. మేస్త్రి గోడవారగా కుర్చీలో కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మధ్య పెట్టుకుని ఉన్నాడు. మేనేజరు బల్లమీద రిజిస్టరు తెరిచి, కలం మూత తీసి, సిద్ధంగా ఉన్నాడు. ఆయన కుర్చీకి ఎదురుగా గాజు గోడ. గాజుకు అవతల టిక్కెట్ల హాలు. ఆ హాలు గోడ పొడవునా, టవరు మీద నుంచి కనిపించే ఊరంతా రంగుల్లో వేసిన పెద్ద బొమ్మ. టవరు పుట్టినప్పటి నుంచీ ఉన్న బొమ్మ.

"బెల్టులు?"

"బాగున్నాయి సర్. కుడి భుజం దగ్గర కిర్రుమంది. చూశాను. కొత్తదనం, అంతే."

"ఏమేమి కనిపించాయి? ఏ వరుసలో?" అంటూ ఆయన చెయ్యి అప్పటికే ‘వం’ రాయడానికి వంగింది.

"బడి, మార్కెట్టు, స్టేషను, వంతెన."

కలం ఆగింది. గోడవార కుర్చీలో మేస్త్రి కూడా ఆగినట్టున్నాడు.

"మళ్ళీ చెప్పు."

"బడి సర్, మైదానం నిండా పిల్లలు. తర్వాత మార్కెట్టు. తర్వాత..." అప్పుడు ఆమెకు గుర్తొచ్చింది. జడ గుర్తొచ్చింది, నాన్న నేర్పిన వరుస గుర్తొచ్చింది. చూసిన సంబరంలో చెప్పవలసింది మరిచి, చూసింది చెప్పేసింది.

మేనేజరు పేజీలు వెనక్కి తిప్పాడు. ఒక ఏడాది, ఇంకో ఏడాది, పదో ఏడాది. ప్రతి పేజీలోనూ వేలు పెట్టి చూపించాడు. తర్వాత కలంతో గాజుకు అవతల ఉన్న బొమ్మను చూపించాడు. ఎడమ నుంచి కుడికి, ఎంత స్పష్టంగా ఉందో: వంతెన, స్టేషను, మార్కెట్టు, బడి.

"కళ్ళు మూసుకున్నావు కదమ్మాయ్," అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. కోపం ఉన్నా బాగుండేది. "భయం సహజమే. కానీ మీ నాన్న చెప్పిన వరుస కూడా సరిగ్గా గుర్తుపెట్టుకోలేకపోయావు. తలకిందులు చేశావు. ఇది నేను ఎలా రాయను?"

చిన్నమేస్త్రికి నోరు తెరిస్తే మాట ఉంది. చెయ్యి అటు తిరగదు సర్, ఇటు తిరుగుతుంది. కావాలంటే మీటక్కను అడగండి. అంతే మాట. కానీ ఆ మాట వెంట ఇంకో మాట బయటికి వస్తుంది. అటు తిరగకపోతే, నాన్న చెప్పిన ఇరవై రెండేళ్ళూ ఏమిటి? ఆమె తండ్రి వైపు చూసింది. స్టూలు గుర్తొచ్చింది. పక్కకు తిప్పుకున్న ఆ తల గుర్తొచ్చింది. అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. అర్థమయ్యాక, నోరు మూసుకుంది.



"అమ్మాయి చెప్పిందే రైటు సర్," అన్నాడు మేస్త్రి.

"మరి మీరు చెప్పింది?"

"నేను బొమ్మ చెప్పాను."

మేనేజరు కలం కింద పెట్టాడు.

"రోజూ ఆ హాల్లోంచేగా వస్తాను. ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ వచ్చేవాణ్ణి. మీరు కూడా దాన్నే చూసి టిక్కు పెట్టేవాళ్ళు. ఇద్దరికీ సరిపోయేది. చెయ్యి ఎటు తిరుగుతుందో నాకు తెలిస్తేగా."

"ఇరవై రెండేళ్ళు," అన్నాడు మేనేజరు.

"మొదటి ఏడాది ఒక్కసారి తెరిచాను సర్, అబద్ధం ఎందుకు. నా పాదం కనిపించింది. దాని కింద ఏమీ కనిపించలేదు. మూసేశాను."

గుమ్మం దగ్గర ఎవరో ముక్కుతో నవ్వారు. మీటక్క. తెరిచే వేళ దగ్గరపడుతోందని చెప్పడానికి దిగివచ్చింది. "నాకు తెలుసు సర్. దిగాక కూడా రెండడుగులు కళ్ళు మూసుకునే నడుస్తారు. ఆ పొగమంచు ఏడాది గుర్తుందా? నా చెయ్యే నాకు కనపడలేదు. మేస్త్రికి మాత్రం బడి కనపడిందట."

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"నన్నెవరడిగారు సర్? నాకు గడి లేదు."

మేనేజరు రెండు చేతులతో తల పట్టుకున్నాడు. "అయితే ఇన్నేళ్ళూ బెల్టులు చూసిందెవరు?"

"ఇది చూసింది," అని మేస్త్రి కుడి బొటనవేలు ఎత్తాడు.

చిన్నమేస్త్రి ఇక ఆగలేదు. కుట్టుగదికి పరుగెత్తి, పక్కన పారేసిన పట్టీలలో ఒకటి తెచ్చి తండ్రి ఒళ్ళో పెట్టింది. మేస్త్రి కళ్ళు మూసుకున్నాడు. వేలు కుట్టు వెంబడి నడిచింది, మలుపు తిరిగింది, మళ్ళీ మలుపు తిరిగింది, ఒకచోట ఆగింది.

"ఇక్కడ ఒక కుట్టు తప్పింది. పక్కన దారం తెగితే మళ్ళీ మొదలుపెట్టింది. అమ్మాయి కుట్టే. పోయిన నెలది. అప్పుడు జలుబు దీనికి, తుమ్మి ఉంటుంది."

మేనేజరు కళ్ళజోడు తీసి, ఆ చోటును ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. చాలాసేపు చూశాడు. తప్పిన కుట్టు అక్కడే ఉంది, తుమ్ము తప్ప అన్నీ రుజువయ్యాయి. ఆయన పట్టీ బల్లమీద పెట్టి, గాజు అవతలి బొమ్మ వైపు తిరిగాడు.

"మేస్త్రీ, నేనొక మాట చెబుతాను. నవ్వకూడదు."

"మేమా సర్."

"ఈ ఉద్యోగంలో నేను ఎందుకు చేరానో తెలుసా? ఆఫీసు కింద ఉందని. ఇంతవరకూ నేను మూడో అంతస్తు దాటలేదు."

ఎవరూ నవ్వలేదు. మీటక్క ముఖం మాత్రం గోడ వైపు తిప్పుకుంది. ఆవిడ భుజాలు కదులుతున్నాయి.

"చూడకుండా ఆయన చెప్పాడు, చూడకుండా నేను రాశాను," అన్నాడు మేనేజరు లేస్తూ. "చూసిన పిల్లకు చూడలేదని చెప్పాను. ఇప్పుడు మళ్ళీ చూడకుండా రాస్తే నాకు సిగ్గుండాలి. తాళాలు తియ్యవమ్మా. ఎక్కుదాం."

"నేను కూడానా?" అన్నాడు మేస్త్రి.

"మీరు ముందు."

"సర్, నాకు కంటి జబ్బు ఉంది."

"నాన్నా," అంది చిన్నమేస్త్రి, అతని మోచెయ్యి పట్టుకుని. "నీకు ఎలాగూ సగమే కనపడుతుంది. భయం కూడా సగమే వేస్తుంది. ఇంతకన్నా మంచి రోజు నీకు దొరకదు."

లిఫ్టులో మేనేజరు అంకెలు చూడకుండా తన బూట్లు చూసుకున్నాడు. మేస్త్రి ఇద్దరి బూట్లూ చూశాడు. పైన మీటక్క బూట్లూ కలమూ కళ్ళజోడు తాడూ అన్నీ పరీక్షించి, రిజిస్టరు దగ్గర చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇది ఎక్కదు సర్. దిగాక రాసుకోండి."

"గుర్తుండకపోతే?"

"మీరు ఇవాళ్టిది మరిచిపోరు," అంది మీటక్క.

మధ్య కుర్చీలో కూతురు, కుడిపక్క తండ్రి, ఎడమపక్క మేనేజరు. చిన్నమేస్త్రి ఇద్దరి బెల్టులూ తానే బిగించి, ఒక్కొక్కటీ రెండుసార్లు లాగింది. మోటారు మూలిగింది. నేల జరిగింది.

"నాన్నా, కళ్ళు మూసుకో. నేను చెప్పినప్పుడు తెరువు."

"ఆ సంగతి నువ్వు చెప్పాలా," అన్నాడు మేస్త్రి, ఎప్పుడో మూసుకున్న కళ్ళతో.

కుర్చీలు బోర్లా పడ్డాయి. మేనేజరు నోట్లోంచి వచ్చిన శబ్దం ఏ భాషలోనూ మాట కాదు. మేస్త్రి బొటనవేలు గుండె దగ్గరి కుట్టు మీదికి వెళ్ళింది. దాని పక్కన కూతురి బొటనవేలు వచ్చి ఆనింది.

"ఎలా ఉంది?" అరిచింది ఆమె గాలిలో.

"కుట్టు బాగుంది," అన్నాడు. "నాకన్నా బిగువుగా వేశావే."

"పది," అంది మీటక్క. ఈసారి మధ్యలో దగ్గలేదు. కుర్చీలు నిలబడ్డాయి.

"ఇప్పుడు తెరువు నాన్నా. పాదం చూడకు. దూరంగా చూడు."

మేస్త్రి ఒక కన్ను తెరిచాడు. తర్వాత రెండోది తెరిచాడు. మసకలో ఆకుపచ్చగా ఏదో పెద్ద ముక్క పరుచుకుని ఉంది. దాని మీద తెల్లని చుక్కలు పరుగెడుతున్నాయి.

"ఏమిటే అవి?"

"బడి నాన్నా. పిల్లలు."

"బడా?" అన్నాడు. ఇరవై రెండేళ్ళు రోజూ జపించిన మాటను మొదటిసారి విన్నట్టు అన్నాడు. "ఇంత పెద్దదా?"

రంగుల బొంత వచ్చింది, దారాల్లాంటి పట్టాలు వచ్చాయి. వంతెన దగ్గరికి వచ్చేసరికి మేస్త్రి బెల్టు మీద పట్టు వదిలేసి, చెయ్యి చాచి చూపిస్తున్నాడు. "అదిగో, ఎర్రగా ఏదో పోతోంది. నేనే చూశాను. నువ్వు చెప్పకముందే చూశాను."

"బస్సు నాన్నా."

"బస్సని నాకూ తెలుసు," అన్నాడు. తెలియదు. ఏమైతేనేం, రెండో చుట్టులో ఆయన దాని కోసమే ముందుకు వంగి వెతికాడు.

మూడో చుట్టులో మేనేజరు కదిలాడు. రెండు చుట్లపాటు చిన్నమేస్త్రి భుజం మీద పిల్లాడిలా తల దాచుకున్న ఆ మనిషి, స్టేషను వెనక వీధి రాగానే నిటారుగా అయిపోయాడు.

"ఆగండి ఆగండి. అది మా ఇల్లు."

"చెయ్యి మధ్యలో ఆగదు సర్," అంది చిన్నమేస్త్రి.

"మేడమీద నీళ్ళ ట్యాంకు మూత తెరిచి ఉంది. నిన్న నేను మూశానని మా ఆవిడతో ఒట్టేసి చెప్పాను."

ముగ్గురూ కలిసి నవ్విన నవ్వు వంతెన దాకా సాగింది.

దిగాక మేస్త్రి రెండడుగులు కళ్ళు తెరుచుకునే నడిచాడు. మూడో అడుగులో తూలాడు. అది వేరే విషయం. మేనేజరు కటకటాలకు దూరంగా నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుని, ఆ ఏడాది గడి నింపాడు. బడి, మార్కెట్టు, స్టేషను, వంతెన. కాసేపు ఆలోచించి, దాని కింద చిన్న అక్షరాలతో ‘మా ట్యాంకు మూత’ అని కూడా రాశాడు. చూసింది రాయాలి కదా. పాత పేజీల జోలికి వెళ్ళలేదు. ‘కుట్టినవారు’ అన్నచోట ‘మేస్త్రి’ అని రాయబోయి, ఆగి, ఆమె వైపు చూసి, ‘చిన్నమేస్త్రి’ అని రాసి, కింద గీత గీశాడు.

"‘చిన్న’ ఎందుకు సర్, కొట్టెయ్యండి," అన్నాడు మేస్త్రి.

"ఉండనీ నాన్నా," అంది ఆమె. "వచ్చే ఏడాది నువ్వు మళ్ళీ ఎక్కాలి. అప్పుడు ఇద్దరు మేస్త్రులైతే రిజిస్టరుకు అర్థం కాదు."

"మళ్ళీ నేనెందుకే?"

"ఆపరేషను అయ్యాక మిగతా సగం ఎవరు చూస్తారు?"

పది గంటలకు తలుపులు తెరిచారు. మొదటి వరసలో వచ్చిన నలుగురిలో, బడిసంచి వీపున వేసుకున్న ఒక అమ్మాయి కుర్చీ దగ్గరికి వచ్చి ఆగిపోయింది. మోకాళ్ళు మాట వినని ఆ తీరు చిన్నమేస్త్రికి దూరం నుంచే తెలిసింది. ఆ రోజు ఆమెకు పైన పనేమీ లేదు. అయినా దిగిపోవాలని అనిపించక అక్కడే ఉంది.

"భయంగా ఉంటుందా అక్కా?" అడిగింది ఆ పిల్ల.

"ఉంటుంది," అంది చిన్నమేస్త్రి, బెల్టు బిగించి రెండుసార్లు లాగుతూ. "ముందు కళ్ళు మూసుకో, ఫరవాలేదు. ఇదిగో ఇక్కడ, భుజం దగ్గర, కిర్రుమంటుంది. అప్పుడు తెరువు. మొదట మీ బడే వస్తుంది."